ఇరవైరెండో గొంతు

గుర్రు... గుర్రు... ఆగి, మళ్ళీ గుర్రు.

పైయింటివాళ్ళ నీళ్ళ మోటారు కాదు. దానికి ఆగడం తెలియదు. మిక్సీ కాదు, దానికి ఇంత మర్యాద లేదు. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కానరాని చీకట్లో, చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకుని కూర్చున్న ఆమెకు ఆ చప్పుడును పోల్చుకోవడానికి మూడు క్షణాలు పట్టింది. చెక్కబల్ల మీద వణుకుతున్న ఫోను అది. తనది కాదు, వదినది. ఏడో వణుకు దగ్గర వదిన దాన్ని అందుకుంది. "హలో" అన్నది. ఆ తరువాత చాలాసేపు వదిన ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అంతకన్నా వింత ఇంకొకటి ఉండదు.

కాసేపటికి గోడ అల్మారా తలుపు తెరుచుకుంది. వెలుతురు వచ్చి అన్నయ్య కోట్ల మీద, వదిన శాలువల మీద, వాటి నడుమ పొట్టి స్టూలు మీద మైకు ముందు ముడుచుకుని కూర్చున్న ఆమె మీద ఒకేసారి పడింది.

"ఆడబిడ్డగారూ, బయటికి రండి. నా గొంతు సెలెక్టయింది" అన్నది వదిన, ఫోనును గుండెకు హత్తుకుని.

"ఏ గొంతు?"

"ఇంకే గొంతు, నాదే! ఆ స్కానింగ్ మిషన్ల కంపెనీవాళ్ళు. నంబరు ఇరవైరెండంటే నేనేనట. చివరికి మిగిలింది ఇద్దరమేనట. మీ గొంతు వింటే మనసు కుదుటపడుతుందండీ అన్నాడు ఆ ఆఫీసాయన. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మీ అన్నయ్య ఒక్కనాడైనా అన్నాడా ఆ మాట?"

"నీ గొంతు విని ఆయన కనిపెట్టలేదా వదినా?"

"జలుబు చేసిందని చెప్పా. పాపం, ఆవిరి పట్టుకోమన్నాడు. రేపు పదకొండున్నరకి ఫోన్లోనే చదివించుకుంటారట. ఏడుస్తావేంటే, పిచ్చిదానా?"

ఆమె ఏడవడం లేదు. చీకట్లోంచి వచ్చిన కళ్ళు వెలుగుకు నీరు పెట్టుకున్నాయి, అంతే. కానీ కాదనలేదు. యాభైరెండు రోజుల తరువాత వచ్చిన మొదటి మాట అది.

ఆమెది గొంతు పని. లిఫ్టులో 'మూడవ అంతస్తు' అనే గొంతు ఆమెది. బస్సులో 'తలుపులు మూసుకుంటున్నాయి' అనే గొంతు ఆమెది. బ్యాంకుకు ఫోను చేస్తే 'దయచేసి వేచి ఉండండి' అని విసిగించే గొంతూ ఆమెదే. ఆ గొంతును అన్నయ్య సైతం తిట్టాడు, చెల్లెలిదని తెలియక ఒకసారి, తెలిసి చాలాసార్లు. ఆరేళ్ళుగా ఊరంతా వింటున్నది. ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఏటా మూడు నెలలు ఆ పని నిలిచిపోతుంది. కంపెనీలు పాత ఏడాదిని మూసి కొత్త ఏడాదిని తెరిచేలోగా ఎవరూ ఎవరికీ పని ఇవ్వరు. 'వచ్చే నెల చూద్దాం' అనే మాట ఒక్కటే అన్ని తలుపుల వెనుక నుంచీ వినిపిస్తుంది. గొంతు పనివాళ్ళు వాటిని మూగనెలలు అంటారు. ఆ నెలల్లో పాడేవాడు పార్సిళ్ళు మోస్తాడు, కథలు చదివే ఆవిడ కుట్టుమిషను దుమ్ము దులుపుతుంది. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే అల్మారాలోకి వెళ్ళి, ఎవరూ అడగని వాక్యాలను ఎవరికోసమో చదివి, చెరిపేసి బయటికి వచ్చేది. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఆశను కూడా కొంచెం కొంచెం మింగుతాయేమోనని ఆమెకు ఈమధ్య అనుమానంగా ఉన్నది.

అలాంటి రోజుల్లో కనిపించింది ఆ ప్రకటన. ఆసుపత్రుల్లో స్కానింగ్ మిషన్ లోపల పడుకున్న రోగికి ఎలా ఊపిరి తీయాలో, ఎంతసేపు బిగబట్టాలో చెప్పే గొంతు కావాలి. ఏడాది ఒప్పందం. ఫారంలో తప్ప ఎక్కడా పేర్లు వద్దు, నమూనాలు అంకెలతోనే వింటాం. ఒకరి నుంచి ఒకే నమూనా. ఒకే మనిషివి రెండు వస్తే రెండూ చెల్లవు. ఆమె తన పేరుతో పంపడానికి జంకింది. పంపినవాళ్ళ జాబితాలు ఎలాగో స్టూడియోల చేతికి చిక్కుతాయి. చిక్కితే బాబాయ్ చూస్తాడు. అందుకని వదిన మెయిలు నుంచి, వదిన పేరుతో, తన గొంతును పంపింది.

ఆ సంతోషం టీ నీళ్ళు మరిగేదాకా కూడా నిలవలేదు. ఆమె ఫోను మోగింది. బాబాయ్.

బాబాయ్ ఆమెకు చుట్టం కాదు. ముప్పై ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్నాడు గనుక గొంతు పనివాళ్ళందరికీ బాబాయ్. ఆమెకు మొదటి పని ఇచ్చినవాడు, పిట్ట అనే పేరూ పెట్టినవాడు. ఆ పని తరువాత ప్రతి పనీ ఇచ్చినవాడు.

"పిట్టా! ఎక్కడున్నావ్? నిలబడి ఉన్నావా, కూర్చుని ఉన్నావా?"

"నిలబడే ఉన్నా బాబాయ్."

"అయితే కూర్చో. నీకు చెప్పలేదు గానీ, నీ పాత రికార్డింగొకటి ఆమధ్య ఒకచోటికి పంపా. మూగనెలలు కదా, రాయి విసిరిచూద్దామని. తగిలిందే! కంపెనీ పేరు అడక్కు, నా పద్ధతి నీకు తెలుసు. ఏదో ఆసుపత్రి మిషన్లది. మనది నంబరు పద్నాలుగు. ఇంకెవరో ఇరవైరెండట, స్టూడియో కూడా లేని ఒంటి పిట్ట. ఇద్దరే మిగిలారు. రేపు పదకొండుకి మన వంతు. వింటున్నావా? పిట్టా?"

వింటున్నది. పొయ్యి మీద టీ పొంగి మంటను ఆర్పిన చప్పుడు కూడా విన్నది. కదలలేదు.

"ఏమయ్యిందే?" అన్నది వదిన, పొయ్యి కట్టేస్తూ.

ఆమె చెప్పింది. వదిన గరిటె పట్టుకుని కాసేపు ఆలోచించింది.

"అంటే నీకు పోటీ నువ్వే. ఎటు తిరిగినా గెలిచేది నువ్వే కదే?"

"ఓడేదీ నేనే వదినా. ఒకే మనిషివని తెలిస్తే రెండూ కొట్టేస్తారు."

"ఎవరు చెప్తారు? నేను చెప్తానా? నా నోట్లో నువ్వుగింజ నానదని మీ అన్నయ్య అంటాడు గానీ, ఇలాంటివాటికి నేను రాయిని."

"ఇరవైరెండును మానేస్తే పని బాబాయ్‌ది అవుతుంది. ఎప్పటిలాగే. పద్నాలుగును మానేయాలంటే ఎందుకో ఆయనకి చెప్పాలి. చెప్తే ఆ స్టూడియో తలుపు ఇక తెరుచుకోదు. ఆయన తెరవకపోతే ఊళ్ళో ఇంకెవరూ తెరవరు."

"ముందు నుయ్యి, వెనక గొయ్యి" అన్నది వదిన. "పోయి ఆయనకి నిజం చెప్పు. మనిషేగా, పులి కాదుగా."

ఆ మధ్యాహ్నమే ఆమె బయలుదేరింది. దారి పొడవునా ఆ మాటనే నెమరువేసుకుంది. 'బాబాయ్, ఆ ఇరవైరెండు నేనే.' బస్సు ఎక్కుతూ అనుకుంది. 'తలుపులు మూసుకుంటున్నాయి' అని తన గొంతే పైనుంచి చెబితే ఉలిక్కిపడి, మళ్ళీ మొదటినుంచి అనుకుంది. 'ఆ ఇరవైరెండు నేనే బాబాయ్.'

స్టూడియో జిరాక్సు కొట్టు మీది అంతస్తులో ఉంటుంది. మెట్ల మీద సిరా వాసన. తలుపు పైన, లోపల రికార్డింగు జరుగుతున్నప్పుడు వెలిగే ఎర్రదీపం ఇప్పుడు దుమ్ము పట్టి గోధుమరంగులో ఉన్నది. సౌండు ఇంజినీరు ఈ మూడు నెలలకూ ఫోన్లు బాగుచేసే కొట్టులో చేరిపోయాడు. అద్దాల గదిలోకి తొంగిచూసి ఆమె ఆగిపోయింది. గది నిండా అట్టపెట్టెలు. నేల నుంచి కప్పుదాకా. నడుమ ఎక్కడో, తువ్వాలు చుట్టిన మైకు తల మాత్రం కనిపిస్తున్నది, స్నానం చేసి వచ్చిన ముసలివాడిలా.

"చెప్పులు" అన్నాడు బాబాయ్, ఫ్లాస్కులోంచి టీ వంపుతూ. "కింది కొట్టువాడి బావమరిది సరుకు. చోటు ఖాళీగా ఉందిగా అన్నాడు. నేనూ ఊ అన్నా. ముప్పై ఏళ్ళు గొంతులు నిండిన గది, ఇప్పుడు చెప్పులు నిండాయి. నవ్వొస్తే నవ్వెయ్, నేనేం అనుకోను."

ఆమెకు నవ్వు రాలేదు.

"రేపటిది వచ్చిందా, ఈ పెట్టెలు బయటికి, నువ్వు లోపలికి. రాలేదా..." ఆయన వాక్యం పూర్తిచేయలేదు. టీ పూర్తిచేశాడు. "స్టూడియోలో చదివించే వీల్లేదు. రేపు మీ ఇంటి నుంచే చదువు. నేను లైన్లో ఉంటా. నువ్వు కంపెనీవాళ్ళతో ఒక్క ముక్క కూడా సొంతంగా మాట్లాడకు. పేరు చెప్పకు. గొంతు ఇవ్వడం వరకే."

"బాబాయ్, ఒక మాట..."

"కోయిల గుర్తుందా నీకు?"

కోయిల అంటే అంతకుముందు ఆయన దగ్గర చదివిన అమ్మాయి.

"నా వెనకాల నేరుగా కంపెనీవాళ్ళ దగ్గరికి పోయింది. ఏమైంది? ఒక్క పని దొరికింది. ఆ తర్వాత ఒక్కటీ దొరకలేదు. నేనేం శాపం పెట్టలేదమ్మా. నలుగురికి చెప్పానంతే. అన్నం పెట్టిన చేతిని కొరికితే పళ్ళే ఊడతాయి." ఆయన గొంతులో కోపం లేదు, అదే ఆమెను భయపెట్టింది. ఆయన వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. "ఏదో అంటున్నావ్?"

బల్ల మీది కంప్యూటరులో వరుసగా ఆమె రికార్డింగులు. పిట్ట ఒకటి, పిట్ట రెండు, పిట్ట మూడు... పిట్ట రెండువందల పన్నెండు.

"ఏం లేదు. ఆ ఇరవైరెండు ఎలా చదువుతుందోనని."

"మందంగా చదువుతుందట. జ్వరం వచ్చినవాళ్ళ మంచం పక్కన కూర్చుని మాట్లాడినట్టు. అదో గొంతా? నువ్వు నవ్వు. పెదవులతో కాదు, దవడలతో. ఏదీ, 'ఊపిరి పీల్చండి' అను."

ఆమె దవడలతో నవ్వింది. "ఊపిరి పీల్చండి!" అన్నది. గాజు గ్లాసు మీద చెంచా తగిలినట్టు, పలుచగా, పైస్థాయిలో, ఆ గొంతు చెప్పుల పెట్టెల మీదుగా ఎగిరిపోయింది.

"అదీ నా పిట్ట!" అన్నాడు బాబాయ్. ఆయన కళ్ళు నిజంగానే మెరిశాయి. ఆ మెరుపు చూసి ఆమె సంచి భుజాన వేసుకుంది. మెట్లు దిగుతూ అనుకుంది, చెప్పి ఉండవలసింది అని. బస్సు ఎక్కుతూ అనుకుంది. దిగుతూ అనుకుంది.

రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య ఫోనులో టైము చూపించి మరీ చెప్పాడు.

"రేపు ఒంటిగంటకల్లా మా మేనేజరుకి ఏదో ఒకటి చెప్పాలి చెల్లాయ్. ఆఫీసు ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తే పని. పొద్దున తొమ్మిది, సాయంత్రం ఆరు. ఆ కుర్చీకి పదిమంది ఉన్నారు. నా మొహం చూసి ఆపాడు."

"అది మొహమేనా?" అన్నది వదిన.

"నువ్వాగు. అల్మారాలో కూర్చుని బతికేది చెదపురుగొకటీ, ఇదొకత్తీ. నేనేం దీని మంచి కోరని వాడినా? ఏటా మూడు నెలలు గోడవైపు తిరిగి కూర్చుంటుంది. నాలుగో నెల రెండు పనులొస్తే పండగ. ఇలా ఎన్నేళ్ళు? అక్కడైనా గొంతుతో పనేగా?"

"ఆ పనిలో చేరితే మళ్ళీ ఈ పనికి రాలేను అన్నయ్యా. పగలు చదవడం కుదరదు. రాత్రి గొంతు మిగలదు."

"అందుకే అడుగుతున్నా. రేపు ఒంటిగంటలోగా ఏదైనా పని చేతికి వస్తుందని నువ్వు నాకు మాట ఇస్తే, నేను ఆ మేనేజరుకి వద్దని చెప్తా. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తను. ఇస్తావా?"

అతని గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు. ఆమె కంచం వైపు చూసింది.

"ఒంటిగంటకి చెప్తా" అన్నది.

మరునాడు పదకొండుకు పది నిమిషాల ముందే ఆమె అల్మారాలో ఉన్నది. వదిన ఇంటిని నిశ్శబ్దంలో ముంచింది. ఫ్యాన్లు ఆపింది. ఫ్రిజ్ ఆపింది. గోడ గడియారంలోంచి బ్యాటరీ ఊడదీసింది. పైయింటికి వెళ్ళి, మోటారు వేస్తే తనకు తలనొప్పి వస్తుందని చెప్పి, తలనొప్పి మాత్ర కూడా ఒకటి అడిగి తెచ్చుకుని మరీ నమ్మించింది.

"పదకొండుకి నువ్వు పద్నాలుగు. పదకొండున్నరకి నేను" అన్నది తలుపు మూయబోతూ. "మధ్యలో నీళ్ళు తాగు. అంకెలు కలిపేయకు."

"వదినా, తప్పు చేస్తున్నానా?"

"గెలిచాక ఆలోచిద్దాం" అన్నది వదిన. తలుపు మూసింది. చీకటి.

సరిగ్గా పదకొండు గంటలకు, తెర ఆర్పిన కంప్యూటరు నుంచి హెడ్‌ఫోన్లలోకి లైను తెరుచుకుంది. ముందు ఆఫీసాయన, ఆ తరువాత బాబాయ్ దగ్గు, ఆ తరువాత కొత్తగా ఒక ఆడగొంతు. మధ్యవయసు, మాటలో తొందర లేదు.

"నమస్కారమండీ. గొంతు ఎవరిదో నిర్ణయించేది నేనే. ఆ మిషన్లో నేను రెండుసార్లు పడుకున్నాను, రోగిగా. లోపల మనిషికి దిక్కు ఆ గొంతొక్కటే. అందుకే పేర్లూ ఊర్లూ వద్దన్నాను. పద్నాలుగు, వినిపిస్తోందా?"

"వినిపిస్తోందండీ!" అన్నది పిట్ట, దవడలతో నవ్వుతూ.

"చిన్న మార్పు చేశాం. నేను ఇప్పుడు మిషన్లోనే పడుకుని వింటాను. కంగారు పడకండి, కరెంటు తీసేశారు. కానీ నా నడుముకి ఒకసారి పడుకుంటే మళ్ళీ అరగంటకి లేచి పడుకునే ఓపిక లేదు. ఇద్దరినీ వెంటవెంటనే వింటాను. ఇరవైరెండును కూడా ఇప్పుడే కలపండి."

"కలుపుతున్నానండీ" అన్నాడు ఆఫీసాయన.

ఆమె గుండె ఒక్కసారి కొట్టుకోవడం మానేసి, మానేసినందుకు వడ్డీతో సహా కొట్టుకుంది. తలుపుకు అవతల చెక్కబల్ల మీద గుర్రు... గుర్రు... తన మైకు మూయాలని చేయి చాపింది. చీకట్లో మీట దొరకలేదు. వేళ్ళకు కోటు గుండీ తగిలింది. శాలువా కొస తగిలింది.

"హలో! ఆ, నేనేనండీ, ఇరవైరెండు. జలుబా? తగ్గిందండీ, ఇదిగో ఒక్క నిమిషం..."

తలుపు తెరుచుకుంది. వదిన చేయి, చేతిలో ఫోను, మైకుకు జానెడు దూరంలోకి వచ్చాయి.

ఈల.

సన్నగా మొదలై, క్షణంలో సూదిమొనలా పదునెక్కి, లైనులో ఉన్న అందరి చెవులనూ చీల్చుకుంటూ పోయింది. ఆమె ఫోనును శాలువల్లోకి నొక్కింది. కంప్యూటరు మైకు మీట దొరికింది. నొక్కింది. ఈల తెగిపోయింది.

"ఏంటండీ అది?" అన్నది మిషన్లోని ఆవిడ.

"అదాండీ" అన్నాడు బాబాయ్. ముప్పై ఏళ్ళ అనుభవం, అడిగితే చెప్పకుండా ఉండలేదు. "అలా ఎప్పుడు అరుస్తుందంటే, ఒకే గదిలో రెండు మైకులు తెరిచి ఉంటే. దీని మాట అది తిని, దాని మాట ఇది తిని..."

ఆగిపోయాడు.

ఆ ఆగిన చోట ఎంత లోతున్నదో ఆమెకు ఒక్కదానికే తెలుసు. వదిన తలుపు దగ్గర కొయ్యబారింది. హెడ్‌ఫోన్లలో బాబాయ్ ముక్కుతో తీస్తున్న ఊపిరి ఒకటి, రెండు, మూడు.

"అయితే?" అన్నది ఆవిడ.

"అయితే ఏం లేదండీ" అన్నాడు బాబాయ్ చాలా నెమ్మదిగా. "లైన్లో ఏదో తేడా. సర్దుకుంది. మీరు కానివ్వండి."

"సరే. కళ్ళు మూసుకున్నాను. పద్నాలుగు, మీరు."

ఆమె మైకు మళ్ళీ తెరిచింది. భయం గొంతులోకి రానివ్వకూడదు. ఆరేళ్ళ చాకిరీ నేర్పింది అదొక్కటే. ఆమె దవడలతో నవ్వింది.

"ఊపిరి పీల్చండి! ...బిగబట్టండి! ..." వేళ్ళ మీద పది లెక్కపెట్టింది. "వదలండి!"

"బాగుంది" అన్నది ఆవిడ. "హోటల్లో మంచి గది ఇచ్చి తాళంచెవి చేతిలో పెట్టినట్టుంది. ఇరవైరెండు?"

ఆమె మైకు మూసింది. శాలువల్లోంచి ఫోను తీసి దగ్గరికి తెచ్చుకుంది. తనను కాపాడింది బాబాయ్. స్టూడియో కోసమే కావచ్చు. కానీ ఆ మనిషికి ఇప్పుడు అంతా తెలుసు. తెలిసి, చీకట్లో ఎక్కడో కూర్చుని వింటున్నాడు. ఇక ఎవరి దగ్గర దాచాలి? దవడలు వాటంతట అవే సడలాయి. మిషన్లో ఒంటరిగా పడుకున్న ఒక మనిషి. కప్పు ముక్కుకు తగిలేంత దగ్గర. అంతే చీకటి. ఆ మనిషి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. రోజూ ఈ అల్మారాలో అలాగే ఉంటుంది.

"ఊపిరి పీల్చండి" అన్నది.

గొంతు పైకి పోలేదు. పక్కన కూర్చుంది.

"బిగబట్టండి."

తనూ బిగబట్టింది. ఈసారి వేళ్ళు మడవలేదు. రొమ్ములో గాలి నిలిచింది. లైనులో ఎవరూ కదలలేదు. ఆఫీసాయన కాగితాల చప్పుడు ఆగింది. బాబాయ్ ముక్కు ఊపిరి కూడా ఆగింది. వదిన పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తనకేమీ సంబంధం లేకపోయినా, బుగ్గలు పూరించి నిలబడింది. ఆరు. ఏడు. ఎనిమిది. అయిదుగురూ ఒకే ఊపిరి మీద ఉన్నారు. తొమ్మిది. పది.

"వదలండి."

అవతల నుంచి ముందు వచ్చింది మాట కాదు, పొడవాటి నిట్టూర్పు.

"ఎప్పుడు బిగబట్టానో నాకే తెలియలేదమ్మా" అన్నది ఆవిడ.

కంప్యూటరు తెర మీద, మూలన, బాబాయ్ పంపిన రెండు వరుసలు వెలిగాయి. 'ఆరేళ్ళలో ఈ గొంతు నాకొక్కసారి కూడా వినిపించలేదేం, పిట్టా?' ఆమె చదివింది. మీరు నవ్వమన్నారు గనుక, అని రాయవచ్చు. రాయలేదు. కోపమో, బాధో, మెచ్చుకోలో ఆ అక్షరాల్లో లేదు. అక్షరాలకు గొంతు ఉండదు.

"పద్నాలుగుకు, వారి స్టూడియోకు ధన్యవాదాలు" అంటున్నది ఆవిడ. "నాకు ఇరవైరెండు కావాలి. ఏడాది ఒప్పందం, ఇవాళే కాగితం రాయించేస్తాను. మూడు నెలలుగా వెతుకుతున్నాను. అమ్మా, పేర్లు వద్దన్నది నేనే. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. మీ పేరు చెప్పండి. ఫారం మా ఆఫీసాయన దగ్గరుంది, ఆయన సరిచూసుకుంటాడు. నాకు మాత్రం మీ నోటితో వినాలనుంది."

అందరూ ఆమె కోసమే ఆగారు.

వదిన తన గుండె మీద వేలు పెట్టి చూపించింది. 'నాది చెప్పు' అని పెదవులు కదిపింది. 'నాది. నాది చెప్పవే.' ఫారంలో ఉన్నది వదిన పేరే. అది చెబితే పని చేతికి వస్తుంది. ఒంటిగంటకు అన్నయ్యకు మాట ఇవ్వవచ్చు. బాబాయ్ కూడా నోరు విప్పడు; ఇందాక అబద్ధమాడినవాడు ఇప్పుడు ఏ మొహంతో విప్పుతాడు? కర్ర విరగదు, పాము చస్తుంది. ఇకమీదట మంచం మీద వణికే ప్రతి మనిషి పక్కనా ఈ గొంతు కూర్చుంటుంది. ఏడాది పొడవునా. వదిన పేరుతో.

ఇన్నాళ్ళూ పిట్ట. రేపటినుంచి వదిన. గొంతు మాత్రం తనది.

"అమ్మా? ఉన్నారా?"

తన పేరు చెబితే ఫారంతో కలవదు. అప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి. చెబితే రెండు నమూనాలూ చెల్లవని ప్రకటనలో రాసి ఉన్నది. బాబాయ్ తలుపు మూసుకుంటుంది. ముందు బల్ల వెనుక కుర్చీ ఒంటిగంటదాకా ఖాళీగానే ఉంటుంది.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి స్టూలు కింద పెట్టింది. కంప్యూటరు మూసేసింది. పద్నాలుగు లైనులోంచి తప్పుకున్న చిన్న టింగుమనే చప్పుడు ఫోనులోంచి వినిపించింది. ఇక ఒక్క మైకే మిగిలింది. అల్మారా తలుపును కాలితో పూర్తిగా తెరిచి, కోట్లను పక్కకు తోసి, బయటికి వచ్చి వెలుతురులో నిలబడింది. వదిన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"ఉన్నానండీ" అన్నది ఆమె. "ఆ ఫారంలో ఉన్నది మా వదిన పేరు. నా పేరు కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇందాకటి పద్నాలుగు కూడా నేనే. అది పంపినట్టు నాకు నిన్నటిదాకా తెలియదు. తెలిశాక చెప్పకపోవడం నా తప్పు. స్టూడియోవాళ్ళ తప్పు లేదు."

ఎక్కడో బాబాయ్ దగ్గాడు. ఆఫీసాయన "అయ్యో, రూలు ప్రకారం..." అని మొదలుపెట్టాడు.

"మీరుండండి" అన్నది ఆవిడ. ఆవిడ ఇంకా ఆ మిషన్లోనే పడుకుని ఉన్నది. మాట ఇనుప గొట్టంలోంచి వచ్చినట్టు వస్తున్నది. "పద్నాలుగూ మీరే. ఇరవైరెండూ మీరే. మీ వదినా మీరే. ఇంతకీ ఎవరమ్మా మీరు?"

ఆమె ఊపిరి పీల్చింది. బిగబట్టలేదు. ఇంటిపేరు ముందు పెట్టి, ఒక్కొక్క అక్షరాన్నీ విడివిడిగా, నవ్వకుండా, అందరికీ వినిపించేలా, పైకి తన పేరు చెప్పింది.